అడుగుకు అడుగు కుట్టిన చెప్పులు

నేను రెండో తరగతిలోనే బడి మానేశాను. ఆ సంతోషంలో అయ్యవారు టెంకాయ కొట్టినాడని మా అవ్వ చెప్పేది.

యుద్ధం రోజుల్లో ఒకసారి పెనుకొండ స్టేషన్లో హిందూపురం బండి కోసం కూర్చున్నాను. ప్లాట్‌ఫారం మీద నేను, ఇంకొకాయన, అంతే. ఆయన ఒళ్లో చెప్పుల జత ఉంది. రెంటినీ అడుగుకు అడుగు ఆనించి పట్టుదారంతో కుట్టేసినాడు. ఒకదాని ముక్కు ధర్మవరం పక్కకు, ఇంకోదానిది హిందూపురం పక్కకు.

“ఏమప్పా, యాడికి పోతాండావు? రెండూళ్లకూ ఒకేసారా?” అన్నాను.

ఆయన నవ్వలేదు. “కాళ్లకేసుకున్నన్నాళ్లూ నన్ను పలకరించినోళ్లు లేరబ్బా. ఇట్ల కుట్టినాక ఎవురో ఒకరు అడుగుతాండారు” అని, దగ్గరికి జరిగి చెప్పులు నా చేతిలో పెట్టాడు. నేను వాటిని తిప్పి తిప్పి చూశాను. ఇంతలో బండి వచ్చింది. చెప్పులు ఆయన ఒళ్లో పడేసి పరిగెత్తాను.

ఆ కథ చెప్పి హిందూపురంలో చాలామందిని నవ్వించాను. దోసెలమ్మే అవ్వ ఒక్కతే నవ్వలేదు.

“కుట్లు ఎట్లుండాయో కూడా చెప్తివి. ఆయప్ప మొగమెట్లుండెరా?”

“బండి వచ్చేసె గదవ్వా!”

“చెప్పులు చూసేటప్పుడు రాని బండి, మొగం చూసేటప్పటికి వచ్చేసిందేమిరా?”