యోబు మొదటి పిల్లలు

మొన్న ఆదివారం ఖానాపురం హవేలిలో, మా వెనక వీధిలో, ఒక ఆదరణ కూడిక జరిగింది. చావు జరిగిన ఇంట్లో సంఘమంతా కూర్చుని, వాక్యం చదివి, ధైర్యం చెప్పి రావడం మా క్రైస్తవుల్లో ఆనవాయితీ. పాస్టరుగారు బైబిల్లో, దేవుని పరీక్షలో ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న భక్తుడు యోబు కథ చివరి అధ్యాయం తీశారు. పోయిన పశువులు రెండింతలై తిరిగొచ్చాయని, పిల్లలు మళ్లీ పుట్టారని చదువుతుంటే అందరూ తలలూపారు. నేను కొంగు చాటున మా నాయినను తలుచుకుని ఏడ్చాను.

నేను చదువుకునే రోజుల్లో మేం కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాయినకు కళ్లలో పొర వచ్చి అక్షరాలు ఆనేవి కావు. రోజూ అన్నాలకు ముందు బైబిల్ చదివి వినిపించడం నా పని. ఒక్క మాట మింగినా పట్టేసేవాడు. డిగ్రీలో ఇంగ్లిష్ సాహిత్యం తీసుకుంటే, బైబిల్‌ను సాహిత్యంగా చదివే పేపరు ఒకటి వచ్చింది. ఇదెంత, మంచినీళ్ల ప్రాయం అనుకుని, మొదటి రోజు గర్వంగా పుస్తకం తెరిచి, ఇంట్లో బైబిల్ ముందు తల కప్పుకునే అలవాటు కొద్దీ చున్నీ తలమీదికి లాక్కున్నాను. క్లాసంతా నవ్వింది. మా మేడం నవ్వలేదు. "కప్పుకో, ఏం కాదు. ప్రశ్న వచ్చినప్పుడు నోరు కప్పుకోకు, చాలు" అన్నారు. కథ ఎవరు చెబుతున్నారు, ఎవరి పేరు చెప్పారు, ఎవరిది వదిలేశారు, ఇవి చూడమనేవారు. అలా చూస్తే, యోబుకు తర్వాత పుట్టిన ఆడపిల్లల పేర్లున్నాయి. ముందు ఇల్లు కూలి చనిపోయిన పిల్లల్లో ఒక్కరి పేరూ లేదు. చిన్నప్పటి నుంచి చదువుతున్నా నాకది తట్టనేలేదు.

ఆ సాయంత్రం ఉండబట్టలేక నాయినతో అన్నాను. ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. "గది కథ కాదు బిడ్డా, దేవుని మాట. ఉన్నది ఉన్నట్టు చదువు. లేనిదానితోని నీకేం పని?" అన్నాడు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. నేను మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ వానాకాలమే తమ్ముడు పోయాడు. భద్రాచలం అవతల అడవి ఊళ్లకు ఆటో నడిపేవాడు. ఏ ఊళ్లో అన్నం పెడితే అక్కడే తినేవాడు, అక్కడి పాటలు నేర్చుకొచ్చి మమ్మల్ని విసిగించేవాడు. జ్వరంతో వచ్చాడు. జ్వరమే కదా అనుకున్నాం. దవాఖానా నుంచి వాడు తిరిగి రాలేదు. మా ఇంటి ఆదరణ కూడికలోనూ ఇదే అధ్యాయం చదివారు. యోబుకు ఇచ్చినట్టే నీకూ ఇస్తాడని ఒక పెద్దాయన నాయిన భుజం తట్టాడు. నాయిన "అవ్" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు బైబిల్ తెమ్మనలేదు. తమ్ముడితో పాటు దేవుణ్ణి కూడా పోగొట్టుకున్నాడేమోనని నాకు భయం వేసింది.

ఒక సాయంత్రం తనే పిలిచాడు.

"యోబు తియ్యి బిడ్డా. సురువు నుంచి."

చదివాను. ఇల్లు కూలి పిల్లలు చనిపోయిన చోట ఆపమన్నట్టు చెయ్యెత్తాడు.

"గీళ్ల పేర్లు లేవన్నవు గదా."

"లేవు నాయినా."

"అయితే గీడ మనోని పేరు చదువు."

జన్మలో ఒక్క మాట అటూ ఇటూ కానివ్వని మనిషి. తమ్ముడి పేరు అచ్చులో ఉన్నట్టే చదివాను. నాయిన చాలాసేపు ఏడ్చి, "ఆమెన్" అని, ముందుకు చదవమన్నాడు.

నాయినా పోయి ఏళ్లయింది. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. కాలం వాణ్ణి దాటుకుని ఎప్పుడో ముందుకు పోయింది. నేను మాత్రం ఆ పేజీ వచ్చినప్పుడల్లా కాసేపు ఆగి, లేని ఆ పేరును పైకి చదువుకుంటున్నాను.