తేమ తగిలిన అద్దం

కొండమీది టెలిస్కోప్ దగ్గర పనిచేసేవాళ్లంతా ఆమెను చాటుగా చిటపట అనేవారు. తప్పు కంటపడితే ఊరుకునే రకం కాదు. టెలిస్కోప్ లోపలి పలచటి అద్దం ఆమె బాధ్యత. గాలి కదలికలకు నక్షత్రం బొమ్మ నీళ్లలో నీడలా వణుకుతుంటే, ఆ అద్దం క్షణక్షణం తన ఆకారం మార్చుకుని వణుకును సరిదిద్దుతుంది. దాని వెనక వందలకొద్దీ సన్నటి మీటలుంటాయి. అవి నెట్టినచోటల్లా అద్దం వంగుతుంది.

ఆ పాతదాన్ని తీసేసి, వేలకొద్దీ మీటలున్న కొత్త అద్దం బిగించే పని మొదలైంది. ఆ పనికి పెద్ద, చిటపట సొంత అక్క. అక్క అధికారి, చెల్లెలు ఇంజినీరు, ఇక గొడవలకు కొదవేముందని తోటివాళ్లు నవ్వుకున్నారు. నిజానికి చాలాకాలం ఏ గొడవా రాలేదు.

కొత్త అద్దానికి తేమ పడదు. పొడిగాలి గొట్టం బిగించకుండా కరెంటు ఇస్తే మీటలు మాడిపోతాయి. చిటపట ఈ మాట అందరికీ చెప్పింది, అక్కకు ఇంకా గట్టిగా చెప్పింది. గొట్టం ఇంకా బిగించలేదు. ఈలోగా తల్లిని కంటి డాక్టరుకు చూపించాలని ఒక పూట సెలవు పెట్టింది.

ఆ పూటే ఎవరో పెద్దమనుషులు వచ్చారు. అద్దం కదులుతుంటే చూడాలని ముచ్చటపడ్డారు. అక్క కాదనలేక స్విచ్చి వేయించింది.

తిరిగొచ్చి తెర ముందు కూర్చున్న చిటపటకు అద్దం బొమ్మలో ఒక మూలంతా నల్లటి మచ్చలు కనిపించాయి. ఆమెకు ఒళ్లు మండిపోయింది. విసురుగా అక్క గదిలోకి వెళ్లింది.

“ఎవరు ఆన్ చేశారు?”

“కాసేపేనే. అంత దూరం నుంచి వచ్చారు, కాదంటే ఏం బాగుంటుంది?”

“బాగుండటం కోసం అద్దాన్ని కాల్చేశావా?”

“మెల్లగా మాట్లాడు. బయట జనం ఉన్నారు.”

“విననీ! చిలక్కి చెప్పినట్టు చెప్పానుగా నీకు!”

“పోయినవి కొన్ని మీటలే కదా, సర్దుకుపోదాం.”

“నీకు ముందు పళ్లు నాలుగే ఊడాయనుకో, ఫొటోకి నవ్వుతావా?”

మర్నాడు సమావేశంలో అక్క, “అనుకోకుండా సాంకేతిక లోపం తలెత్తింది” అని మొదలుపెట్టింది. చిటపట దిగ్గున లేచింది.

“అద్దంలో ఏ లోపమూ లేదు. వద్దన్న పని చేశారు. ఎవరు చేశారో మీరు చెప్తారా మేడమ్, నన్ను చెప్పమంటారా?”

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. “నేనే” అంది.

అద్దాన్ని బాగుచేయడానికి తయారీదారులకు పంపారు. అక్కను తప్పించి, ఆ కుర్చీ చిటపటకు ఇచ్చారు.

“సొంత అక్కను నలుగురిలో నిలబెడతావుటే? కుర్చీ కోసమే అంటున్నారు అందరూ” అని తల్లి కళ్లొత్తుకుంది.

“అననీ అమ్మా. గొట్టం బిగించకుండా ఇకమీద ఎవడూ ఆ స్విచ్చి ముట్టుకోడు.”

మరుసటి ఏడాది అద్దం తిరిగొచ్చింది. గొట్టంలో పొడిగాలి నడుస్తోందని తానే చూసుకుని, చిటపట స్విచ్చి వేసింది. చీకటి పడగానే తెరమీద వణుకుతున్న చుక్క ముడుచుకుని సూదిమొనలా నిలబడింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. పిలవకపోయినా వచ్చిన అక్క గుమ్మం దగ్గరే నిలబడింది.

“బాగా వచ్చిందే” అంది.

“పోయినేడే రావాల్సింది” అంది చిటపట, తల తిప్పకుండా.