పెన్సిల్‌తో రాసిన గైర్హాజరు

పత్తి మిల్లులు నడిచే రోజుల్లో మా ఆదోని గాలిలో నూగు తేలుతుంటుంది. ఆఫీసు కిటికీ ఎంత మూసినా బల్లల మీద, రిజిస్టర్ల మీద తెల్లగా వాలుతూనే ఉంటుంది. మొన్న ఉదయం ఆ నూగు తుడిచి, హాజరు పట్టీ తెరిచి, పెన్సిల్ చెక్కుకుంటున్నాను. చెక్కపొట్టు వాసన తగలగానే సుశీలమ్మ మేడం ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. అదే రోజు మా కాలేజీ ప్రత్యేక సంచికలో అచ్చు వేయబోయే పేజీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. అందులో నా ఫోటో, కింద ‘విదేశీ విద్యార్థిని కాపాడిన మా సూపరింటెండెంట్’ అన్న మాట. ఆ పేజీ వెనక్కి పంపించాను. ఆ అబ్బాయిని కాపాడింది సుశీలమ్మ మేడం. అతణ్ణి ప్రమాదంలోకి నెట్టింది నేను. ఈ రెండో మాట ఇన్నేళ్లూ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మేడం నాకంటే ముందు ఈ కుర్చీలో పనిచేశారు. కౌతాళం ఆమె ఊరు. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. వానలు లేని ఏడు మా వైపు జనం మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపో, కర్ణాటకకో పనులకు పోతారు. దాన్ని సుగ్గి అంటాం. చిన్నప్పుడు మేడం కూడా సుగ్గికి పోయి తిరిగొచ్చేసరికి బడిలో పేరు కొట్టేసి ఉండేదట. అందుకే తన ఆఫీసులో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరైనా పది రోజులు రాకపోతే గైర్హాజరు పెన్సిల్‌తో రాయాలి. మనిషిని వెతుక్కుంటూ ఇంటికి పోవాలి. సంగతి తెలిశాకే ఇంకు.

నేను గుమాస్తాగా చేరిన ఏడు నన్ను వెంటబెట్టుకుని చిప్పగిరికి పోయారు. బస్సు దిగి ఎండలో నడిచి పోతే, మేము వెతుకుతున్న అమ్మాయి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి అవ్వ గడప మీద కూర్చుని మమ్మల్ని ఎగాదిగా చూసింది.

“లోనోళ్లా? బాకీ కట్టించుకునేకి వచ్చినారా? వాళ్లు సుగ్గికి పోయినారు. ఉగాదికి గానీ రారు.”

“లోనోళ్లం కాదవ్వా, కాలేజోళ్లం,” అన్నారు మేడం.

“కాలేజోళ్లు గూడా ఇండ్లకాడికి వస్తాండారా! సేసేకి పని లేదా మీకు?”

తిరుగు బస్సులో నేను కూడా అదే అన్నాను, కాస్త మర్యాదగా. “ఒక పేరు కోసం ఇంత దూరమా మేడం? కొట్టేస్తే సరిపోతుంది. వచ్చినప్పుడు మళ్లా రాసుకుంటాం కదా.”

“నువ్వు రాసుకుంటావప్పా. ఆ పిల్ల అర్జీ పట్టుకొని ప్రిన్సిపాల్ గది ముందర నిలబడల్ల గదా. రెండు దినాలు నిలబడతాది. మూడో దినం సిగ్గేసి ఇంటికి పోతాది. నేను పోయినదాన్ని కాబట్టి సెప్తాండా.”

ఆ అమ్మాయి ఉగాది తర్వాత వచ్చింది. మేడం రబ్బరుతో పెన్సిల్ గీతలు తుడిచి, పక్కన ‘సుగ్గి’ అని చిన్నగా రాసుకుని, ఏమీ జరగనట్టు ఆమెను క్లాసుకు పంపారు.

ఇక ఆ అబ్బాయి సంగతి. అతణ్ణి యూనుస్ అంటాను. అసలు పేరు అది కాదు. దేశం పేరు కూడా రాయను, వాళ్లమ్మ ఇంకా అక్కడే ఉంది. స్కాలర్‌షిప్ మీద వ్యవసాయ డిగ్రీ చదవడానికి మా కాలేజీకి వచ్చిన నలుగురు విదేశీయుల్లో అతనొకడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏడాది తిరక్కుండానే మా తెలుగు, మా ఉర్దూ కలిపి మాట్లాడటం నేర్చాడు. క్యాంటీన్‌లో బొరుగుల ఉగ్గాని తింటూ, కారానికి కళ్లలో నీళ్లు వస్తున్నా, “ఇంకొక బజ్జీ ఎయ్యన్నా” అనేవాడు. వాళ్లమ్మ మగ్గం నేసేదట, అందుకేనేమో సెలవు దొరికితే ఎమ్మిగనూరుకు పోయి హనుమంతప్ప అనే నేతగాని ఇంట్లో మగ్గం పక్కన కూర్చునేవాడు. మూడో ఏడు చలికాలంలో కాలేజీకి రావడం మానేశాడు.

అప్పుడు మేడం కంటి ఆపరేషన్‌కు రెండు నెలల సెలవులో ఉన్నారు. హాజరు వివరాలు పైకి పంపే గడువు దగ్గరపడింది. పట్టీ నిండా పెన్సిల్ గీతలు చూస్తే నాకు చిరాకు. మేడం వచ్చేలోగా అంతా శుభ్రం చేసి పెడదామని, నలభై రోజులు దాటిన పేర్లన్నీ స్కేలు పెట్టి ఎర్ర ఇంకుతో కొట్టేశాను. పదకొండు పేర్లు. పదిమంది సుగ్గి పిల్లలు, పదకొండోవాడు యూనుస్. పేరు తీసేస్తే ఏముంది, వచ్చినప్పుడు మళ్లీ చేర్చుకుంటాం అన్న మా వైపు అలవాటు అతనికీ పనికొస్తుందనుకున్నాను. విదేశీ విద్యార్థి పేరు తీసేస్తే పోలీసులకు తెలపాలి. ఆ కాగితం కూడా నేనే నింపాను. కారణం అన్న చోట ‘ఆచూకీ లేదు’ అని రాశాను. బస్సెక్కితే గంటలో ఎమ్మిగనూరు. నేను వెతకనే లేదు.

మేడం నల్ల కళ్లద్దాలతో తిరిగి పనిలో చేరిన వారానికి హనుమంతప్ప వచ్చాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు.

“పిల్లోడు మా ఇంట్లోనే ఉండాడమ్మా. ఆడ వాళ్ల దేశంలో అన్నను జైల్లో యేసినారని తెలిసినప్పట్నుంచి గడప దాటలేదు. నిన్న పోలీసాయన వచ్చి ఇది ఇచ్చి పోయినాడు. సదివి, అన్నం కాడ్నించి లేసిపోయినాడు.”

వీసా రద్దయింది, పదిహేను రోజుల్లో దేశం విడిచి పోవాలి, లేకుంటే మేమే పంపుతాం అని ఉంది అందులో. మేడం పట్టీ తెరిచి, ఎర్ర గీత మీద వేలు పెట్టి, “ఎవరు కొట్టేసినారు దీన్ని?” అన్నారు. ఆఫీసులో నలుగురం ఉన్నాం. నేను ఫ్యాను వైపు చూశాను. ఆమె రెండోసారి అడగలేదు. గొడుగు చేతికి తీసుకుని, “శేఖరా, లెయ్యి. ఎమ్మిగనూరుకు పోదాం,” అన్నారు.

హనుమంతప్ప ఇంట్లో యూనుస్ గోడకు ఆనుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. మేడం కూర్చోమని, తానూ చాప మీద కూర్చున్నారు. అతను ఫోన్‌లో వాళ్ల ఊరి నుంచి దొంగచాటుగా వచ్చిన ఒక ఫోటో చూపించాడు. ఒక మనిషి వీపు. దాని మీద ఇస్త్రీపెట్టె అడుగు అచ్చుగా కాలిన మచ్చలు, మూడు.

“మా అన్న,” అన్నాడు నాతో. “సెలవులకు పోయినప్పుడు సర్కారు మీద తీసిన ఊరేగింపులో ఇద్దరం నడిచినాం. నేను ఈడికి వచ్చినా. నేను యాడుండానో సెప్పమని వాణ్ణి అడిగినారంట, సెప్పలేదంట. విమానం దిగితే ఆడనే పట్టుకుంటారన్నా నన్ను.”

నన్ను ‘అన్నా’ అని పిలిచాడు. నేను ఆ మచ్చల వైపు చూడలేక మగ్గం వైపు చూశాను. హనుమంతప్ప భార్య జొన్నరొట్టె పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టింది. “తిను నాయనా. ఎవురు పంపిస్తారో సూద్దాం. ముందు కడుపుకు తిను.”

కర్నూలులో మాకు దొరికిన వకీలు సూటిగా చెప్పాడు. “ఆచూకీ లేదని రాసింది మీ కాలేజీ. పారిపోయినాడనే అంటారు. ఆ రాత తప్పని సంతకం పెట్టి మీరే ఒప్పుకోవాల.” మేడం పెన్ను తీశారు. “నా ఆఫీసులో జరిగింది. తప్పు నాదని రాయండి.” నేను పక్కనే నిలబడి ఉన్నాను. మాట నోటిదాకా వచ్చింది. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చి మింగేశాను.

తర్వాత ఆమె చేసిన పని మాకెవరికీ తట్టేది కాదు. పన్నెండేళ్ల హాజరు పట్టీలు గోనెసంచిలో కట్టించి, నా చేత మోయించి, వకీలు బల్ల మీద పెట్టించారు. పేజీ పేజీలో ఆమె పెన్సిల్ రాతలు. ‘సుగ్గి, గుంటూరు.’ ‘సుగ్గి, రాయచూరు.’ ‘తల్లికి బాగలేదు.’ రెండు మూడు నెలల తర్వాత అవే పేర్ల ఎదురుగా మళ్లీ హాజరు. “మా వైపు పిల్లోళ్లు కనపడకపోతే పారిపోయినట్టు కాదు సార్. వస్తారు. వచ్చినారు సూడండి,” అన్నారు. హైకోర్టులో వకీలు ఆ పట్టీలను, అన్న వీపు ఫోటోను కలిపి ముందు పెట్టాడు. ఇంకా రెండు రోజుల గడువుందనగా, ఈలోగా వకీలు రాయించగా శరణు కోరుతూ యూనుస్ పెట్టుకున్న దరఖాస్తు తేలేవరకు అతణ్ణి పంపకూడదని ఉత్తర్వు వచ్చింది. మర్నాడు అతను క్యాంటీన్‌కు వచ్చి రెండు ప్లేట్ల ఉగ్గాని తిన్నాడు.

నేను కొట్టేసిన పదకొండు పేర్లూ మేడం మళ్లీ పట్టీలోకి ఎక్కించారు. యూనుస్ డిగ్రీ పూర్తి చేశాడు. శరణార్థిగా గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఒక చలిదేశంలో విత్తనాల ల్యాబులో పనిచేస్తున్నాడు. వాళ్లన్న జైలు నుంచి బయటపడి అతని దగ్గరికే చేరాడు. మేడంకు మాత్రం ఆ సంతకం ఆధారంగా కాలేజీ మెమో ఇచ్చింది. ఆరు నెలలకు వీడ్కోలు సభ లేకుండా రిటైరయ్యారు. కోర్టు దగ్గర యూనుస్ పక్కన నిలబడ్డ నా ఫోటో పేపర్లో వచ్చింది. జనం నన్ను మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

పేజీ వెనక్కి పంపిన తర్వాతి ఆదివారం కౌతాళం పోయాను. మేడం చర్చి నుంచి వచ్చి, వసారాలో కూర్చుని చేటలో కందులు ఏరుతున్నారు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, “ఆ గీత నాదమ్మా,” అన్నాను.

“నీదని ఆపొద్దే తెలుసు. స్కేలు పెట్టి పేరు కొట్టేసేటోడు మన ఆఫీసులో ఇంకెవడుండాడు?”

“మరి మీ మీద ఎందుకేసుకున్నారు?”

“గుమాస్తా తప్పంటే కోర్టులో ఎవరు పట్టించుకుంటారప్పా? పెద్ద సంతకం కావాల్సొచ్చింది. నీ పేరు సెప్పింటే నువ్వు భయపడి సెలవు పెట్టేస్తుంటివి. ఆ గోనెసంచి మోసేకి మనిషి యాడ దొరుకుతాడు నాకు?” నవ్వారు. కాసేపటికి చేట పక్కన పెట్టి, “నువ్వు సెప్తావని రెండేండ్లు సూసినా. ఆమీద సూసేది మానేసినా,” అన్నారు.

జరిగిందంతా సంచికకు రాసిస్తానన్నాను. “రాయి. హనుమంతప్ప పెండ్లాం రొట్టె పెట్టింది గూడా రాయి, మరిచిపోతావు,” అని చేటలో సగం కందులు నా ముందుకు తోశారు. ఇద్దరం కూర్చుని ఏరాం. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చాలా కాలానికి హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు నా ముందున్న పట్టీలో గూడూరు అబ్బాయి ఒకడు పన్నెండు రోజులుగా రావడం లేదు. పన్నెండూ పెన్సిల్‌తోనే ఉన్నాయి. ఫోన్ చేస్తే స్విచాఫ్ వస్తోంది. ఎర్ర పెన్ను సొరుగులో పెట్టాను. పదిన్నరకు బస్సుంది.