గోడ పక్క వరసకు సున్నం

చిత్తూరు,
1948 అక్టోబరు 24, ఆదివారం.

మా వదిన, అంటే నా భర్త అక్కగారు, మొన్న బుధవారం తెల్లవారుజామున వెళ్లిపోయింది. నవంబరు రెండున సమాధుల పండుగ. ఆనాటికి సున్నం పడని సమాధులను దిక్కులేనివిగా భావించి, వాటి రాళ్లను కొత్త ప్రహరీకి వాడతామని సంఘ పెద్దలు ఈ ఉదయం ఆరాధనలో మళ్లీ ప్రకటించారు. అందుకే దుఃఖం తీరకముందే మన సంఘంలోని ఇళ్లన్నింటికీ ఇది రాస్తున్నాను.

మన సమాధుల తోటలో ముందు వరసలు దొరలవి. చెక్కిన అక్షరాలు, పాలరాతి సిలువలు. జ్వరానికి పోయిన తెల్ల సిపాయిలు, పురిట్లో పోయిన దొరసానులు అక్కడున్నారు. మధ్యలో మన కుటుంబాలు. చివర, గోడ పక్కన, అక్షరం లేని మొరటు రాళ్ల వరస ఒకటుంది. డెబ్బై ఏళ్ల కిందటి ధాత కరువులో మిషను అనాథాశ్రమానికి చేరి, చేరినా బతకని పిల్లలు వాళ్లు.

పండుగ ముందు మనమంతా మనవాళ్ల సమాధులకు సున్నం పూస్తాం. వదిన మాత్రం చెంగు దోపుకుని, కత్తాళ నార కుంచె పట్టుకుని, గోడ పక్క వరసతో మొదలుపెట్టేది. మా మామగారి సమాధి దగ్గరికి వచ్చేసరికి కుండలో సున్నం అడుగంటేది.

"మామగారి తలవైపు పూత పలచనైంది వదినా" అన్నాను ఒక ఏడు.

"నాయనేమీ అనుకోడులే మే. ఆయన తరఫున అడిగేదానికి నువ్వుండావు కదా!"

సున్నం రాతికి పట్టాలని ఆమె అందులో గంజి కలిపేది. యుద్ధకాలం, రేషను బియ్యం రోజులవి. నాకు ఒళ్లు మండింది.

"వదినా, ఇది మనుషులు తాగే గంజి."

కుండలో కర్ర తిప్పుతూనే జవాబు చెప్పింది. "తాగాల్సినోళ్లకు ఆ పొద్దు దొరకలే మే. ఇప్పుడు వాళ్ల రాతి మీదన్నా పడనీ."

అప్పుడే అసలు సంగతి చెప్పింది. మా అత్తగారు ఆ ఆశ్రమంలో పెరిగిన పిల్లేనని నాకు తెలుసు. ఆమె చంకనెత్తుకొచ్చిన నాలుగేళ్ల తమ్ముడు అక్కడే పోయాడని తెలియదు. పాతిపెట్టేటప్పుడు ఆమెకూ జ్వరమే. లేచి వచ్చేసరికి ఏ రాయి వాడిదో చెప్పగలిగినవాళ్లు లేరు.

"యాది మా మామదో తెలీదు. ఒక్కదానికి పూసి ఇంకోటి వదిలిపెడితే, వదిలింది వాడిదే అయితే?" అంది వదిన. "అందుకే అన్నీ వాడివే అనుకుంటా."

ఆ తరవాత మా ఇంట్లో గంజి కోసం గొడవ పడలేదు. మా పిల్లలకు పేరు తెలియని తాత ఒకడున్నాడు. నాలుగేళ్లకు మించి పెరగని తాత. ఆయనను మాకు ఇచ్చింది వదినే.

నిరుడు దొరలు ఓడలెక్కి పోయాక ఆమె ముందు వరసలకూ పూసింది. "వాళ్లోళ్లు పోయినారు. ఇంక వీళ్లూ మనోళ్లే" అంది. ప్రహరీ మాట మొదట వచ్చింది కూడా నిరుడే. పండుగ మర్నాడు సంఘ పెద్ద ఒకాయన గడ్డపారలతో మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. తోటంతా తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందక్కా ఇది? అన్నీ తెల్లగానే ఉండాయి! దిక్కులేనివి యాడుండాయి?"

"నేనూ అదే అడగతా ఉండానప్పా. యాడుండాయి? నువ్వే ఎతుకు."

గడ్డపారల వాళ్లు నవ్వారు. పెద్దమనిషీ నవ్వేశాడు. ఆ ఏటికి రాళ్లు దక్కాయి.

ఇంకొక అలవాటు చెప్పాలి. కుంచె కడిగిన తెల్లనీళ్లను ఆమె ఎప్పుడూ పారబోయలేదు. వరస చివర నేల కాస్త గుంటపడి ఉంటుంది, అక్కడికి మోసుకెళ్లి పోసేది. "రాయి కూడా లేనోళ్లుంటారు మే, వాళ్లకి" అనేది.

బుధవారం సాయంత్రం ఆమెను ఆ గుంట పక్కనే పెట్టాం. చోటు ఆమె కోరుకున్నదే. ఆమెకు ఇంకా రాయి లేదు.

ఇక జరగవలసినవి:

1. సున్నం రేపే తెచ్చి నానెయ్యాలి. మా వాకిట్లోనే. ఆమె కుండ, ఆమె కుంచె.

2. గంజి ప్రతి ఇంటి నుంచీ రావాలి. నీళ్లగంజి తెస్తే వెనక్కి పంపుతాను.

3. గోడ పక్క వరసతో మొదలు. తరవాత దొరలు. మనవాళ్లు చివర. పూత పలచనైందని ఎవరూ నా దగ్గరికి రావద్దు.

4. ప్రహరీకి రాళ్లు కావాలంటే పెద్దలు క్వారీలో అడగాలి.

5. పచ్చిమట్టి మీద సున్నం నిలవదు. పని అయ్యాక కుంచె కడిగిన నీళ్లు వరస చివరికి తీసుకెళ్లి, సగం గుంటలో, సగం ఆమె మీద పొయ్యాలి. మెల్లగా పొయ్యాలి. మట్టి ఇంకా కుదురుకోలేదు.