అద్దం వెనక్కి వెళ్లిన అమ్మాయి

పార్లరక్క ముప్పై ఏళ్లుగా జనాల నెరిసిన జుట్టుకి రంగేస్తోంది. కూతురి పోరు పడలేక ఇవాళ రొమ్ము ఎక్స్‌రేకి వచ్చింది. టెక్నీషియన్ అమ్మాయి ఆమె రొమ్మును మెషిన్ పలకల మధ్య నొక్కిపెట్టి, చల్లగా గదిలో అడ్డుగా ఉన్న అద్దం వెనక్కి వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి బయటికొచ్చాక అక్క అడిగేసింది.

"రేడియేషన్ చాలా కొంచెం అన్నావు. మరి నువ్వెందుకమ్మా దాక్కున్నావు?"

"మీకు ఎప్పుడో ఒకసారే కదండీ. నాకు రోజంతా ఇదే పని."

అక్కకి తన పార్లర్ గుర్తొచ్చింది. "గ్లవ్స్ తొడుక్కుని నా నెత్తికి రంగు పూస్తున్నావేంటి?" అని అడిగిన వాళ్లందరికీ తను చెప్పేది అచ్చం ఇదే. అబద్ధం కూడా కాదు. అయినా వాళ్లు అద్దంలోంచి తనవంక అంత అయోమయంగా ఎందుకు చూసేవాళ్లో ఇవాళ తెలిసింది.