మాంగో బస్సు దిగిన దెయ్యం

మా చిన్నప్పుడు... మధ్యాహ్నాలన్నీ గుసగుసల్లోనే గడిచేవి. నాన్నకి టాటానగర్ స్టేషన్లో నైట్ డ్యూటీ. పొద్దున్నే వచ్చి, చద్దన్నం తిని, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునేవారు. సెలవుల్లో నన్నూ తమ్ముణ్ణీ నోరెత్తకుండా కూర్చోబెట్టడం ఇంట్లో అన్నిటికంటే పెద్ద పని. ఆ పని మా పిన్నిది... అమ్మ చెల్లెలు, మాతోనే ఉండేది.

పిన్ని వంటింటి గడప మీద కూర్చుని డిటెక్టివ్ నవల తెరిచేది...

మా పేట భాలుబాసాలో మా వీధి తెలుగువాళ్ళెవరు ఊరెళ్ళొచ్చినా వాల్తేరు స్టేషన్లో ఓ నవల కొని తెచ్చేవారు. అది ఇల్లిల్లూ తిరిగి అమ్మ చేతికి వచ్చేసరికి అట్ట ఊడిపోయి ఉండేది. తమ్ముడూ నేనూ హిందీ బడి పిల్లలం. తెలుగు మాట్లాడటమే గాని ఒక్క అక్షరం రాదు. అందుకని పిన్ని చదవాలి, మేం వినాలి.

ఏం చదివేదని... పేజీ తిప్పేముందు వేలు తడి చేసుకుని, మా మొహాల్లోకి ఓసారి చూసి, గొంతు ఇంకా తగ్గించేది. నాన్న లేస్తారని గుసగుసగా చెప్పడంతో మాకు రెట్టింపు భయం.

అన్నిటికంటే గొప్ప సంగతి ఏమిటంటే, ఆ నవలల్లో మా ఊరుండేది. శవం సువర్ణరేఖ నదిలో తేలేది. హంతకుడు సాక్చి బజారులో బేరమాడి కత్తి కొనేవాడు. దెయ్యం నది అవతల మాంగోలో బస్సెక్కి, టికెట్టు లేకుండా వంతెన దాటి ఇవతలికొచ్చేది. కండక్టరు గద్దిస్తే హిందీలో జవాబిచ్చేది... మీ తెలుగు పుస్తకాల్లో ఏముంటుందని బళ్ళో పక్కపిల్ల అడిగితే, "మన వంతెన ఉంటుంది" అని గొప్పగా చెప్పాను. మా హిందీ వాచకంలో కూడా లేదు మరి.

ఓ ఎండాకాలం ఆ దెయ్యం మాంగో బస్సు దిగింది. అచ్చం మా సందులాంటి సందులోకి వచ్చింది. ఓ ఇంటి తలుపు తట్టింది... పిన్ని పుస్తకం మూసేసింది.

"ఫిర్ క్యా హువా పిన్నీ?" అన్నాడు తమ్ముడు.

"మీ నాన్న లెగిసే యేళయింది. రేపు సెప్తాను."

తలుపు ఎవరు తీశారో తెలియకుండా రేపటిదాకా ఎలా ఉండటం? అప్పటికి నేను తెలుగు సంఘం వాళ్ళ ఆదివారం క్లాసులో గుణింతాలు దాటి ఒత్తుల్లోకొచ్చాను. చేరిందే ఈ నవలల కోసం. నాన్న డ్యూటీకి వెళ్ళగానే పుస్తకం తీసి, మాంగో అన్న మాట కోసం పేజీ పేజీ వెతికాను.

లేదు.

సువర్ణరేఖ లేదు. సాక్చి లేదు. మద్రాసు ఉంది... ఓ లాయరు, ఓ మేడ, ఓ వజ్రాలహారం. ఆఖరి పేజీ కూడబలుక్కుని చదివితే దెయ్యమూ లేదు. తెల్లదుప్పటి కప్పుకున్న మేనేజరు.

పిన్ని రొట్టెలు కాలుస్తోంది. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"పిన్నీ, ఇందులో మాంగో వంతెన లేదు."

"సరిగ్గా సూసినావేటే?"

"మొత్తం చూశాను. ఎవరో మద్రాసు లాయరున్నాడు."

అమ్మ చేట పక్కన పెట్టి నవ్వింది. "దానికి ఓనమాలే రావు. ఇన్నాళ్ళకి దొరికిపోయింది."

అంటే అమ్మకీ తెలుసు... ఇంట్లో తెలియనిది మా ఇద్దరికే. నాకు ఏడుపొచ్చేసింది. "మరి చదువుతున్నానని ఎందుకు అబద్ధం చెప్పావు?"

పిన్ని రొట్టె తిరగేసింది. "సదువుతున్నానని నానెప్పుడన్నానే? పుస్తకం పట్టుకున్నాను. అంతే కదా."

మర్నాడు మధ్యాహ్నం పిన్ని మళ్ళీ గడప మీద కూర్చుంది. నేను ఆ పుస్తకం లాక్కుని, "నేనే చదువుకుంటాలే" అన్నాను. పిన్ని లేచి బట్టలు ఆరేయడానికి వెళ్ళింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ గుసగుసగా కథ చెప్పలేదు.

నాదే తప్పని ఒప్పుకోవడానికి ఈ పోస్టు రాయడం లేదు. మోసపోయింది నేను. తెలుగు పుస్తకాల్లో మా ఊరుందని నమ్మించి, లేదని తెలిసేలా చేశారు. ఆ దెబ్బ చిన్నది కాదు...

ఆ కోపంతోనే దొరికిన నవలల్లా చదివాను. ఉన్నమాట చెప్తున్నాను, తిట్టుకుంటే తిట్టుకోండి. ఈ దెయ్యాల నవలలు చాలావరకు కొండను తవ్వి ఎలుకను పట్టే రకం. పుస్తకమంతా దెయ్యం దెయ్యం అని ఊదరగొట్టి, చివరికి దుప్పటి చేతిలో పెడతారు. డిటెక్టివ్ నవలలైతే మరీ అన్యాయం. అంతవరకూ పేరైనా వినని కవల తమ్ముణ్ణి ఆఖర్న తీసుకొచ్చి వీడే హంతకుడంటారు. చదివేవాళ్ళంటే అంత చులకన. మా పిన్ని దెయ్యం మాత్రం ఎప్పుడూ దెయ్యమే. బస్సులో నిలబడి వచ్చినా సరే.

చాలా ఏళ్ళకి, జుట్టు నెరిశాక, పంతం పక్కన పెట్టి పిన్నిని అడిగాను... "ఆ రోజు తలుపు ఎవరు తీశారు?"

"నాకేటి తెలుసే. మీ ముందర కూకుంటేనే నాకూ తెలిసేది. మర్నాడు తెలిసుండును... నువ్వు కూకోలేదు కదా."

ఇప్పుడు ఫోనే పుస్తకం చదివి వినిపిస్తోంది. అక్షరం పొల్లుపోదు, ఒక్క ముక్క సొంతంగా కలపదు... మీ ఇళ్ళల్లో ఇలా పుస్తకం పట్టుకుని మోసం చేసినవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి. నాకు కోపం కొంచెమైనా తగ్గుతుందేమో...