కాయం ఉండ, చేపల చారు, అట్లాంటిక్ సముద్రం

నా చిన్నప్పుడు సింగపూర్‌లోని బెడోక్‌లో మా పక్క ఫ్లాట్ అక్క పరీక్షలకు చదివే పద్ధతే వేరు. చరిత్ర పాఠాన్ని ముందు తాను ఇంగ్లీషులో చదువుకునేది. సాయంత్రం మా ఇంటికొచ్చి, అదే పాఠాన్ని తెలుగులో మా నాయనమ్మకు కథలా చెప్పేది. నాయనమ్మకు చదువు రాదు గానీ ప్రశ్నలు మాత్రం ఇన్‌స్పెక్టరులా వేసేది. రాజు యుద్ధానికి పోతే పొలం ఎవరు చూశారు, రాణికి పురుడు ఎవరు పోశారు, ఇలాంటివి. ఆవిడ చేతిలోంచి బయటపడితే ఇక ఏ పరీక్షకూ భయపడక్కర్లేదని అక్క నమ్మకం. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు నటిస్తూ అన్నీ వినేదాన్ని. లోక చరిత్ర నాకు ఈ రోజుకీ కొంత తెలుసంటే ఆ బియ్యం చేట పుణ్యమే.

మా కింది అంతస్తులో ఒక పిన్ని ఉండేది. చుట్టం కాదు, తెలుగువాళ్లు కాబట్టి పిన్ని. వాళ్లాయన సరుకు ఓడలో పనిచేసేవాడు, ఎప్పుడూ సముద్రం మీదే. పిన్నికి తల్లి లేదు. అలాంటి పిల్లకు తొలి కాన్పయి, పసిబిడ్డను ఎత్తుకుని ఆసుపత్రి నుంచి ఒంటరిగా ఇంటికొచ్చింది. ఆమె బాగోగులు చూసే భారం మా నాయనమ్మా, ఎదురు బ్లాకు మామ్మా తమ నెత్తిన వేసుకున్నారు. ఎవరూ అడగలేదు, వాళ్లే వేసుకున్నారు. ఆ ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు, మార్కెట్టుకు ఒకే బుట్ట చెరో చెవి పట్టుకుని వెళ్లేవారు.

తగువంతా పథ్యం దగ్గర వచ్చింది. మా నాయనమ్మ పెద్దలది శ్రీకాకుళం వైపు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు బెల్లంతో నూరి కట్టిన కాయం ఉండ పొద్దున్నే మింగాలి, మధ్యాహ్నం వెల్లుల్లి కారంతో అన్నం తినాలి, చేప వాసన గడప తొక్కకూడదు అని ఆవిడ శాసనం. మామ్మ పుట్టి పెరిగింది మలయా రబ్బరు తోటల్లో. అక్కడి మలయ్, చైనా ఆడవాళ్లను చూసి, అల్లం దట్టించిన చేపల చారు తాగనిదే బాలింతకు పాలు పడవని ఆవిడ నేర్చుకుంది. ఒక రోజు మా లిఫ్టు దగ్గర ఇద్దరి గిన్నెలూ ఎదురుపడ్డాయి. ఆ మాటల పోట్లాటకు పై అంతస్తుల వాళ్లు కూడా రెయిలింగు మీదికి వంగి చూశారు. చేపల గిన్నె వెళ్లే ఇంటికి తన కాయం వెళ్లదని నాయనమ్మ ఒట్టేసింది. ఆ మందు ముద్దలు మింగించే ఇంటికి తన చారు ఎందుకని మామ్మ వెనక్కి తిరిగింది. పంతానికి ఇద్దరిలో ఎవరూ తీసిపోరు.

అలా రెండిళ్ల గిన్నెలూ ఆగిపోయాయి. తాను మానేస్తే అవతలావిడ పెడుతోందని ఇద్దరూ అనుకున్నారు. నాయనమ్మ మూకుడు తోముతూ, వండిపెట్టేవాళ్లు వండిపెడుతున్నారు, మనకెందుకమ్మా అని గోడకు చెప్పుకునేది. అవతలి వంటింట్లో మామ్మ కూడా అదే అని ఉంటుంది.

సంగతి కనిపెట్టింది అక్క. కింద కొట్లో పిన్ని బిడ్డను భుజాన వేసుకుని రొట్టె కొంటూ కనబడిందట. అడిగితే నవ్వేసిందట గానీ, వెంట వెళ్లి చూస్తే పొయ్యి మీద టీ గిన్నె తప్ప ఇంకేమీ లేదట. సాయంత్రాల్లో కింది నుంచి బిడ్డ ఏడుపు మా కిటికీలోకి వినబడుతూనే ఉంది. పిల్లలన్నాక ఏడుస్తారులే అనుకున్నాం గానీ, తల్లికి తిండి లేక పాలు చాలడం లేదని ఎవరికి తెలుసు? పిన్ని నోరు తెరిచి అడగలేకపోయింది. ఒకావిడను అడిగితే రెండో ఆవిడను కాదన్నట్టే కదా.

ఇప్పుడే పోయి నాయనమ్మకు చెబుతానని నేను లేచాను. అక్క నా జడ పట్టుకుని ఆపింది. అలా చెబితే తప్పంతా చేపలావిడదేనని నాయనమ్మ విజయోత్సాహంతో కాయం డబ్బా పట్టుకుని దిగుతుందనీ, తగువు ఇంకో అంతస్తు పెరుగుతుందనీ అంది. అందుకని ఆ సాయంత్రం మామూలుగానే పుస్తకం పట్టుకుని వచ్చి కథ మొదలుపెట్టింది.

అమెరికాలో ఒకప్పుడు మనుషుల్ని సంతలో గొడ్లలా అమ్మేవారని, పత్తి చేలలో చచ్చేదాకా చాకిరీ చేయించేవారని చెప్పింది. అది పాపమన్నవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు, అట్లాంటిక్ సముద్రం దాటితే ఇంగ్లండులోనూ ఉన్నారు. అలాంటి ఇద్దరు ఆడవాళ్లను తీసుకుని అక్క కథ అల్లింది. ఇంగ్లండు ఆవిడ ఊళ్లో ఆడవాళ్లను పోగేసి చంటిపిల్లల చొక్కాలు, సూదుల సంచులు కుట్టించి, పెట్టెల్లో సర్ది ఓడకెక్కించేది. అమెరికా ఆవిడ అక్కడ సంత పెట్టి వాటిని అమ్మి, బానిసల్ని విడిపించే ఉద్యమానికి ఖర్చు పెట్టేది. మొహాలు చూసుకోలేదు గానీ వాళ్లూ వదినల్లాంటివాళ్లే. ఇంతలో అమెరికా రెండుగా చీలి తనలో తనే యుద్ధానికి దిగింది. ఎంత మంచి పనికైనా మనిషిని చంపడం తప్పని ఇంగ్లండు ఆవిడ మతం. యుద్ధం లేకుండా ఈ సంకెళ్లు తెగవు, మీ దేశం మాత్రం ఒడ్డున కూర్చుని చోద్యం చూస్తోందని అమెరికా ఆవిడ కోపం. ఇద్దరికీ చెడింది, పెట్టెలు ఆగిపోయాయి. ఈలోగా చేలలోంచి తప్పించుకున్న జనం పిల్లాపాపలతో, కట్టుబట్టలతో సైనికుల గుడారాల దగ్గరికి వచ్చి పడుతున్నారు. బయట మంచు. అంతవరకు చెప్పి అక్క పుస్తకం మూసింది.

నాయనమ్మ నోట్లో తమలపాకు నమలడం ఆగిపోయింది. "మరి పెట్టె ఎల్లిందా, నేదా?" అంది.

"అది రేపటి చాప్టర్ లా, నాయనమ్మా" అని మాట చివర సింగపూర్ వాళ్ల "లా" తగిలించి అక్క లేచి వెళ్లిపోయింది. వెళ్లింది ఇంటికి కాదు, ఎదురు బ్లాకుకు. మామ్మ వంటింట్లో దీపం కింద అక్క చేతులు తిప్పుతూ కథ చెప్పడం మా కారిడార్ నుంచి నాకు కనబడింది. పుస్తకం మూసిన క్షణాన మామ్మ గరిటె ఎత్తి ఏదో అడగడం కూడా కనబడింది.

మర్నాడంతా నాయనమ్మ చిరాకు పడుతూనే ఉంది. నాకు తల దువ్వుతూ ఆ ఇద్దరు దొరసానుల్నీ దులిపేసింది. యుద్ధం మంచిదో చెడ్డదో తీరిగ్గా తేల్చుకోవచ్చు గదా, ఆ పసివాళ్లకు నాలుగు గుడ్డలు పంపితే ఇద్దరి సొమ్మూ ఏం పోయిందని అడిగింది. దువ్వెన నా నెత్తిన గుచ్చుకుంటున్నా నవ్వు ఆపుకోవడమే నాకు ఎక్కువ కష్టమైంది. సాయంత్రం రాగానే అక్క మీదా ఆ ప్రశ్నే పడింది.

అక్క పుస్తకం తెరవనే లేదు. "మధ్యలో ఉన్నవాళ్లు ఎవర్నీ అడగలేరు కదా, నాయనమ్మా. మన కింది పిన్ని చూడండి, రెండు పూటలా రొట్టే తింటోంది" అంది.

నాయనమ్మ లేచి, కొంగు బిగించి, పొయ్యి వెలిగించింది. నా చేతిలో శొంఠి పెట్టి దంచమంది. కాసేపట్లో మేం డబ్బా, అన్నం గిన్నె పట్టుకుని మెట్లు దిగేసరికి, పిన్ని తలుపు ముందు మామ్మ క్యారియరుతో నిలబడి ఉంది. అల్లం, చేపల వాసన కారిడార్ పొడుగునా పరుచుకుంది. అక్క ముందుగా మామ్మ ఇంటికే వెళ్లి వచ్చిందని నాకప్పుడు అర్థమైంది.

ఇద్దరూ ఒకరి గిన్నె ఒకరు చూసుకున్నారు. మామ్మే ముందు నోరు విప్పింది. తెలుగులో తమిళ పోట్లాటా, మలయ్ భోజనమూ కలిపేసే భాష ఆవిడది. "సండై రేపు చూసుకుందాం వదినా, ముందు పిల్లని మాకాన్ చెయ్యనీ."

"రేపు తప్పకుండా చూసుకుందాం. ముందు తలుపు కొట్టు" అంది నాయనమ్మ.

తలుపు తీసిన పిన్ని ఆ ఇద్దర్నీ పక్కపక్కన చూసి ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకో తెలియకుండానే. నాయనమ్మ బిడ్డను లాక్కుని ఒళ్లో వేసుకుంది, మామ్మ చాప మీద కంచం పెట్టింది. పిన్ని అన్నం కలుపుకుని తినసాగింది. అప్పుడు అక్క కథ ముగించింది. పెట్టెలు వెళ్లాయట. దుప్పట్లు, పిల్లల గౌన్లు, సూదులు, దారాలు ఇంగ్లండు ఊళ్లలోంచి ఎన్నడూ చూడని మనుషుల కోసం సముద్రం దాటాయట. యుద్ధం సంగతి మాత్రం ఆ ఇద్దరికీ చివరిదాకా కుదరనే లేదట. ఎవరిది ఒప్పని నాయనమ్మ అడిగితే, ఆ ప్రశ్న పరీక్షలో రాదంది అక్క.

కాయం, చేప కూడా అంతే. పొద్దున కాయం, మధ్యాహ్నం చేపల చారు అని ఏర్పాటైంది గానీ, ఆ బిడ్డ బొద్దుగా తయారై నడక నేర్చేదాకా అది ఎవరి వంట గొప్పతనమో తేలలేదు. మార్కెట్టు దారి పొడుగునా ఇద్దరూ వాదించుకుంటూనే నడిచేవారు.

మొన్నీమధ్య మా అమ్మ చివరి రోజుల్లో నాకూ మా చెల్లికీ పెద్ద గొడవైంది. అమ్మ నా దగ్గర పుంగ్గోల్‌లో ఉండేది. డాక్టరు చెప్పిన ఆపరేషన్ చేయించాలని అది, ఈ వయసులో వద్దని నేను. నెలల తరబడి మాటల్లేవు. అయినా రోజూ మధ్యాహ్నం సెంగ్‌కాంగ్ నుంచి చెల్లి వచ్చేది, నాతో పలకకుండా అమ్మకు అన్నం తినిపించేది, వెళ్లిపోయేది. రాత్రి భోజనం నాది. ఎవరిది ఒప్పో ఇప్పటికీ మేం తేల్చుకోలేదు. అమ్మ మాత్రం ఒక్క పూటా ఆకలితో పడుకోలేదు.